ఆర్కూ, ఆర్చీ, కమానూ

మహదేవపూర్ బస్టాండులో కాళేశ్వరం బస్సు కోసం కూర్చున్నాను. పక్కనే ఒక తాతా, మనవడూ. ఎదుటి దుకాణం బోర్డు మీద 'ఆర్క్ వెల్డింగ్' అని ఉంది. పిల్లవాడు దాన్ని కూడబలుక్కుని చదివాడు.

"తాతా, ఆర్క్ అంటే ఊరి మొగదాల కట్టే ఆర్చేనా?"

"గంతే బిడ్డా. సదువుకున్నోడు ఆర్క్ అంటడు, మనం ఆర్చి అంటం."

నవ్వొచ్చింది. కాని బస్సెక్కాక ఆలోచిస్తే, తాతగారి మాటలో సగం నిజం లేకపోలేదు. మిగతా సగం ఈ వారం చెప్పుకుందాం.

రెండు మాటలకూ తల్లి ఒకటే. లాటిన్ భాషలో 'ఆర్కస్' అంటే విల్లు. విలుకాణ్ణి ఇంగ్లీషువాడు 'ఆర్చర్' అనడమూ అందుకే. ఇంగ్లీషులోకి వచ్చాక అక్కచెల్లెళ్ళు వేరు కాపురాలు పెట్టారు. ఆర్క్ అనేది గీత. ఆర్చ్ అనేది కట్టడం. వృత్తపు అంచులో ఒక ముక్క ఆర్క్. విసిరిన బంతి గాలిలో పోయే దారి ఆర్క్. రాళ్ళో ఇటుకలో వంపుగా పేర్చి, కింద ఖాళీ వదిలి నిలబెడితే ఆర్చ్. మన అరికాలి మధ్య నేలకు తగలని వంపు కూడా ఆర్చే. పిల్లి వీపు పైకి వంచినా, అమ్మాయిగారు కనుబొమ్మ ఎగరేసినా అదే మాటను క్రియగా వాడతారు.

మరి వెల్డింగుకీ విల్లుకీ ఏమిటి సంబంధం? 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రజ్ఞుడు రెండు బొగ్గు కడ్డీల నడుమ విద్యుత్తును దూకించి చూపాడు. వేడిగాలి పైకి లేస్తుంది కనుక ఆ వెలుగు విల్లులా పైకి వంగింది. ఆ పేరే నేటికీ వీధి దుకాణం బోర్డు మీద ఉంది.

ఒక హెచ్చరిక. బైబిలులో నోవా ఎక్కిన ఓడ పేరు కూడా చెవికి 'ఆర్క్' అనే వినబడుతుంది. అక్షరం వేరు, అర్థం వేరు. అది పెట్టె అనే మాటలోంచి వచ్చింది. 'ఆర్చ్ బిషప్'లోని ఆర్చ్ గ్రీకువాళ్ళది, పెద్ద అని అర్థం. వీటికి మన విల్లుతో చుట్టరికం లేదు.

ఇక మన ఇంటి సంగతి. లెక్కల పుస్తకంలో ఆర్క్‌ను చాపం అంటారు. పిల్లలు పడుకునే చాప అనుకుంటారు గాని, చాపమంటే విల్లే! దాని రెండు కొసలనూ కలిపే గీత జ్యా, అంటే అల్లెతాడు. ఆర్చికి మనకున్న పాత మాట కమాను. ఫార్సీలో కమాన్ అన్నా విల్లే. మహదేవపూర్ 2016 దాకా కరీంనగర్ జిల్లాలోదే కనుక, ఇక్కడి పెద్దలకు కరీంనగర్ కమాను కొత్త కాదు. హైదరాబాదులో చార్ కమాన్ ఉండనే ఉంది. ఫిడేలు వాయించే కమానూ, బండి కింది కమాను కట్టలూ ఆ కుటుంబంలోవే. లాటినూ, సంస్కృతమూ, ఫార్సీ, మూడూ వంపును చూసి విల్లునే తలచుకున్నాయన్నమాట.

అయితే ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణాన్ని ఇంగ్లీషులో ఆర్చ్ అనడం మాత్రం వాడుకే గాని లెక్క కాదు. అక్కడ నిలువు స్తంభాలూ, వాటిమీద అడ్డంగా పెట్టిన రాతి దూలాలూ ఉన్నాయి. అసలు ఆర్చిలో దూలం ఉండదు; రాళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ బరువును రెండు పాదాలకూ దించుతాయి. 1591 నాటి చార్మినారువి అలాంటి కమానులు. 2014లో రూపొందిన తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఈ తోరణమూ, చార్మినారూ రెండూ ఉన్నాయి. తేడా పిల్లలకు అక్కడే చూపించవచ్చు.

విల్లు ఎందుకు వంగి ఉంటుంది? తాడు కొసలను పట్టి ఉంచుతుంది గనుక. తాడు తెగితే కర్ర సాగిపోతుంది. ఆర్చికి తాడుండదు; పాదాలు పక్కకు జరగకుండా నేలా, పక్క గోడలూ పట్టుకోవాలి. పాదం కదిలితే వంపు ఎంత అందమైనదైనా పగులుతుంది.

మహదేవపూర్ మండలంలోనే, గోదావరి మీద, 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీ ఉంది. దాని 85 గేట్లూ చాపాలే. ఒక్కో గేటు రేకు వృత్తంలో ముక్కలా వంగి ఉంటుంది. నీరు ఎక్కడ తోసినా ఆ తోపు వృత్త కేంద్రంలో ఉన్న ఇరుసు మీదికే పోతుంది. అందుచేత గేటు ఎత్తడానికి దాని సొంత బరువూ, కొంత రాపిడీ తప్ప నీటితో పెద్దగా పెనుగులాట ఉండదు. ఆ తోపును ఇరుసు పియరుకు అప్పగిస్తుంది, పియరు పునాదికి అప్పగిస్తుంది. 2023 అక్టోబరు 21న కుంగినవి ఆ పియర్లే. ప్రణాళికలో, డిజైనులో, నాణ్యత చూడడంలో, నిర్వహణలో లోపాలున్నాయని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ చెప్పింది.

తాతగారు మళ్ళీ కనబడితే ఇదంతా చెప్పను. "ఆర్క్ గీసేది, ఆర్చి కట్టేది; రెండూ విల్లే తాతా" అంటాను. మనవడు ఇంజనీరు చదివితే మాత్రం, వంపు కంటె ముందు దాని కొసల కింద ఏముందో చూడమని చెబుతాను.