సెల్ఫ్ తిరుగుతోంది... మరి ఇంజిన్ ఎందుకు అందుకోదు?

గ్యాస్ పొయ్యి వెలగకపోతే మనలో ఎవరమైనా బెంబేలు పడతామా? ముందు లైటర్ నొక్కి నిప్పురవ్వ పడుతోందో లేదో చూస్తాం. సిలిండర్‌ని ఒకసారి కదిపి బరువు చూస్తాం. రెగ్యులేటర్ తిప్పి ఉందో లేదో తడిమి చూస్తాం. నిన్న పాలు పొంగి బర్నర్ కన్నాలు పూడుకుపోయాయేమోనని పిన్నీసు పెట్టి పొడుస్తాం. రెండు నిమిషాల్లో లోపం ఎక్కడుందో తేలిపోతుంది. ఇదంతా మనకెవరూ క్లాసు పెట్టి నేర్పలేదు. గ్యాస్ అందాలి, గాలి ఆడాలి, నిప్పు పడాలి... ఈ మూడూ కలిస్తే మంట వస్తుందని రోజూ చూసి చూసి తెలుసుకున్నాం, అంతే!

అలాంటి మనం, కారు స్టార్ట్ కాకపోయేసరికి మాత్రం చేతులెత్తేస్తాం. "ఏమండీ, బండి స్టార్ట్ కావట్లేదు" అని ఇంటికి ఫోన్ చేస్తాం. "ఏమైంది?" అంటే "ఏమో, నాకేం తెలుసు?" అంటాం. ఉద్యోగానికి, పిల్లల స్కూలుకి, ఆసుపత్రికి సొంతంగా కారు నడుపుకుంటూ వెళ్లే ఆడవాళ్లు ఇవాళ చిన్న ఊళ్లలోనూ కనిపిస్తున్నారు. డ్రైవింగ్ స్కూల్లో క్లచ్ తొక్కడం, గేరు మార్చడం, రివర్స్ తీయడం నేర్పుతారు. మొరాయించిన బండి దగ్గర ఏం గమనించాలో చెప్పేవాళ్లే తక్కువ. కానీ 'నాకేం తెలుసు' అన్న ఆ చిన్న మాటకి మనం చెల్లించే ఖరీదు చిన్నదేం కాదు.

మా వీధిలో ఒక టీచరమ్మ ఉన్నారు. వారం రోజులు షెడ్డులో ఉన్న కారు తీయబోతే సెల్ఫ్ జోరుగా తిరిగింది గానీ ఇంజిన్ అందుకోలేదు. వచ్చిన మెకానిక్ చూసీ చూడగానే బ్యాటరీ పోయిందన్నాడు. కొత్తది వేయించారు. మర్నాడూ అదే తంతు! ఈసారి సెల్ఫ్ మోటారు విప్పి రిపేరుకి పంపించాడు. మూడోరోజు ఇంకో మెకానిక్ వచ్చి, తాళం సగం తిప్పి చెవి ఒగ్గి విన్నాడు. "పంపు మోగట్లేదమ్మా" అన్నాడు. పెట్రోలు పంపు ఫ్యూజు కాలిపోయి ఉంది. ఎలుక తీగ కొరికితే రెండు తీగలు తగులుకున్నాయట. తీగ చుట్టి, కొత్త ఫ్యూజు పెట్టగానే బండి లేచింది.

మొదటి రోజే ఆవిడ "సెల్ఫ్ బాగానే తిరుగుతోందయ్యా" అని చెప్పారు. అది వినిపించుకోలేదు సరే, "బ్యాటరీ బాగుంటేనేగా అంత జోరుగా తిరిగేది?" అని నిలదీసే ధైర్యం ఆవిడకీ లేకపోయింది. నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

'స్టార్ట్ కావట్లేదు' అన్నది ఒక జబ్బు పేరు కాదు. జ్వరం వచ్చిందంటే డాక్టరు చలితోనా, దగ్గుతోనా అని అడగరూ? ఇదీ అంతే. తాళం తిప్పినప్పుడు ఏ చప్పుడూ లేకపోయినా, టక్ టక్‌మని ఆగిపోయినా, ఈడ్చుకుంటూ నీరసంగా తిరిగినా బ్యాటరీనో, దాని తీగల బిగింపునో, సెల్ఫ్ మోటారునో అనుమానించాలి. అలా కాకుండా సెల్ఫ్ ఎప్పటిలాగే చకచకా తిరుగుతూ ఇంజిన్ మాత్రం అందుకోకపోతే బ్యాటరీ, సెల్ఫ్ తమ పని తాము చేసినట్టే. ఇక చూడాల్సింది మన పొయ్యి లెక్కే: పెట్రోలు అందుతోందా, నిప్పు పడుతోందా, గాలి సరిగ్గా నొక్కుకుంటోందా?

దీనికి పానాలు, స్క్రూడ్రైవర్లు అక్కర్లేదు. కళ్లు, చెవులు, ముక్కు చాలు.

ముందు కళ్లు. పెట్రోలు ముల్లు ఎక్కడుందో చూడండి. ఆ ముల్లు కూడా ఒక్కోసారి అబద్ధమాడుతుంది, పైగా ఎత్తుపల్లాల్లో ఆపిన బండిలో అడుగున ఉన్న కాస్త పెట్రోలు పంపుకి అందకపోవచ్చు. సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్‌లో పెడితే ఇంజిన్ బొమ్మ ఉన్న లైటు వెలగాలి. అసలు వెలగకపోతే ఇంజిన్ కంప్యూటరుకే కరెంటు అందట్లేదేమో! తాళం చెవి బొమ్మో, తాళం కప్ప బొమ్మో మినుకు మినుకుమంటుంటే బండి మీ తాళాన్ని గుర్తుపట్టలేదేమోనని అనుమానించాలి. దొంగతనం జరగకుండా పెట్టిన ఏర్పాటే చాలా బండ్లలో ఇంజిన్‌ని అందుకోనివ్వదు. ఇంట్లో ఉన్న రెండో తాళంతో ప్రయత్నించండి.

తర్వాత చెవులు. చాలా పెట్రోలు కార్లలో తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లు 'జ్‌జ్‌జ్' అని సన్నటి మోత వస్తుంది. అది పెట్రోలు పంపు. రోజూ వినిపించే ఆ మోత ఇవాళ లేదంటే ఫ్యూజో, రిలేనో, పంపో చూడమని చెప్పొచ్చు. సెల్ఫ్ తిరిగే చప్పుడు ఎప్పటికన్నా తేలిగ్గా, వేగంగా, లయ తప్పి వినిపిస్తే మాత్రం వెంటనే ఆపేయండి. టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు. ఇంకా తిప్పితే కొన్ని ఇంజిన్లలో వాల్వులు వంగిపోయి ఖర్చు పదింతలవుతుంది.

ఇక ముక్కు. నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాక సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన గుప్పుమంటే పెట్రోలు వస్తోందని, నిప్పే పడటం లేదని అనుకోవచ్చు. అప్పుడు ప్లగ్గులు, కాయిల్, క్రాంక్ సెన్సార్ చూడాలి. పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసినా ఇలాగే ఉంటుంది. అలాంటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే చాలా కార్లలో పెట్రోలు ఆగి, గాలి ఆడి, ఇంజిన్ అందుకుంటుంది. బండి కింద పెట్రోలు కారుతుంటే మాత్రం సెల్ఫ్ జోలికే పోవద్దు. దూరంగా జరగండి. ఎప్పుడైనా సరే పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకూడదు. అరనిమిషమైనా ఆగి మళ్లీ కొట్టాలి.

డీజిల్ బండ్లకి నిప్పురవ్వతో పనిలేదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. చలి ఉదయాల్లో చుట్టచుట్టిన తీగలాంటి గుర్తు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొడితే సరి.

నడిరోడ్డు మీద ఇంకో ముచ్చట ఉంది. ఆడమనిషి బండి ఆగిందంటే నలుగురు మగవాళ్లు పోగై "మీరు కూచోండి మేడమ్, మేం నెడతాం" అంటారు. వాళ్ల మంచి మనసుకి దండం! కానీ నెట్టడమంటే ఇంజిన్‌ని బయటినుంచి తిప్పడమే. సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నప్పుడు ఆ పని జరుగుతూనే ఉందిగా! వాళ్లకి చెమట పట్టడం తప్ప ఒరిగేదేం ఉండదు.

వానాకాలంలో మరీ జాగ్రత్త. నీళ్లు నిలిచిన రోడ్డులో బండి ఆగిపోతే సెల్ఫ్ కొట్టనే కొట్టొద్దు. గాలి వెళ్లాల్సిన చోటికి నీళ్లు వెళ్లి ఉంటే, నీళ్లు గాలిలా నలగవు కాబట్టి ఇంజిన్ లోపలి కడ్డీలు వంగిపోతాయి. మామూలు బీమా సాధారణంగా ఆ నష్టం ఇవ్వదు. ఇంజిన్ రక్షణ అని విడిగా డబ్బు కట్టి ఉండాలి. అందుకే అలాంటప్పుడు బండిని లాగించుకుని వెళ్లడమే మేలు.

ఇవన్నీ మగవాళ్ల విషయాలని ఎవరైనా అంటే ఒక కథ చెప్పండి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ బెంజ్‌కి చెప్పకుండా, ఆయన తయారుచేసిన బండిలో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైమాటే! దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి సరిచేసింది. నిప్పురవ్వ తీగ ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. ఇంధనం అయిపోతే వీస్‌లోఖ్ అనే ఊళ్లో మందుల షాపులో కొంది. ప్రపంచంలో కారు మీద తొలి దూరప్రయాణం చేసింది ఆడది, దారిలో తొలి మెకానిక్కూ ఆవిడే. మన పిన్నీసుకీ, ఆవిడ టోపీ పిన్నుకీ తేడా ఎంతని?

అలాగని అర్ధరాత్రి హైవే మీద బానెట్ ఎత్తి మరమ్మతులు చేయమనడం లేదు. నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, ఎడమవైపు దిగి, వాహనాలకు దూరంగా నిలబడండి. జాతీయ రహదారి అయితే 1033కి, అపాయం అనిపిస్తే 112కి ఫోన్ చేయండి. ఆ తర్వాత మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు, "సెల్ఫ్ బాగా తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు, పంపు మోత వినిపించట్లేదు, పెట్రోలు వాసన లేదు" అని నాలుగు ముక్కలు చెప్పండి. అంత స్పష్టంగా చెప్పిన మనిషికి అక్కర్లేని బ్యాటరీ అంటగట్టడం తేలిక కాదు. మార్చిన పాత సామాను చూపించమని కూడా మొహమాటం లేకుండా అడగండి.

బండి ఒంట్లో బాగాలేనప్పటి చప్పుడు గుర్తుపట్టాలంటే బాగున్నప్పటి చప్పుడు తెలిసి ఉండాలి. కాబట్టి రేపు ఉదయం కారు తీసేటప్పుడు రేడియో కట్టేసి, తాళం ఆన్‌లో పెట్టి, మూడు సెకన్లు ఆగి వినండి. పక్కన కూతురో కోడలో ఉంటే వాళ్లనీ వినమనండి.