రెండో ప్రతి ఎక్కడుంది?

2024 జూలైలో రెండు రోజుల తేడాతో రెండు ఘటనలు జరిగాయి. 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన తప్పుల తడక అప్‌డేట్ ఒకటి ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను మొరాయించేలా చేసింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. కావాలనే తగలబెట్టారన్న అనుమానంతో కేసు సీఐడీ దాకా వెళ్లింది. కంప్యూటర్లను నమ్ముకుంటే ఇంతే అనడానికి మొదటిది, కాగితాలను నమ్ముకుంటే ఇంతే అనడానికి రెండోది బాగానే పనికొస్తాయి. కానీ హైదరాబాద్‌లో ఆలస్యంగానైనా కొన్ని విమానాలు కదిలాయంటే కలం పట్టి రాసే దారి ఇంకా మిగిలి ఉండబట్టే. మదనపల్లెలో కాలిన ఫైలులోని సంగతి మరెక్కడైనా ఉందా అని వెతుక్కోవాల్సి వచ్చింది. క్లౌడ్ గురించి మాట్లాడేటప్పుడు నేను పట్టించుకోమనేది ఈ తేడానే.

క్లౌడ్‌లో మంత్రమేమీ లేదు. మన సమాచారం ఎవరో నడిపే డేటా సెంటర్‌లోని యంత్రాల మీద ఉంటుంది, వాడుకున్నంతకు డబ్బు కడతాం. దాని అవసరం తిరుపతి వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడు నెలల తర్వాతి 300 రూపాయల దర్శనం టికెట్లను టీటీడీ కొన్నేళ్లుగా 24వ తేదీ ఉదయం పది గంటలకు విడుదల చేస్తోంది. ఆ నిమిషంలో దేశం నలుమూలల నుంచీ లక్షల ఫోన్లు ఒకే తలుపు తడతాయి, తెర మీద వర్చువల్ క్యూ కనిపిస్తుంది. కాసేపటికి టికెట్లు అయిపోతాయి, మిగతా నెలంతా ఆ రద్దీ ఉండదు. ఆ కొద్దిసేపటి కోసం సొంత యంత్రాలు కొని పెట్టుకోవడమంటే ఒక్క పెళ్లి కోసం కల్యాణ మండపం కట్టించుకోవడమే. అందుకే 2021 సెప్టెంబరులో సర్వదర్శనం టోకెన్లు ఆన్‌లైన్‌లో ఇచ్చినప్పుడు టీటీడీ జియో క్లౌడ్ సాయం తీసుకుంది. టికెట్ల పేజీ ఆ సంస్థ సబ్‌డొమైన్‌లో తెరుచుకోవడంతో పెద్ద దుమారమే రేగింది. గొడవంతా చిరునామాలో ఎవరి పేరు కనబడిందన్న దాని మీదే నడిచింది. భక్తుల వివరాలు ఎన్నాళ్లు ఎవరి దగ్గర ఉంటాయి, ఒప్పందం ముగిస్తే ఎలా వెనక్కి వస్తాయి అన్నవి అడిగినవాళ్లు తక్కువ.

అయితే అన్నీ మన గదిలోనే పెట్టుకుందాం అనే వాదన ఒకటుంది. వినడానికి బాగుంటుంది కానీ అనుభవం వేరుగా చెబుతోంది. 2017 మేలో వానాక్రై వైరస్ చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లను, టీటీడీ కార్యాలయాల్లోని కొన్నింటినీ పట్టుకుంది. అవి ఎవరి దగ్గరా అద్దెకు తెచ్చినవి కావు. ఇంతకంటే కళ్లు తెరిపించేది దక్షిణ కొరియా సంగతి. 2025 సెప్టెంబరు 26న దేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ నుంచి 858 టెరాబైట్ల సమాచారం పోయింది. మరీ పెద్దది కాబట్టి దానికి రెండో ప్రతి పెట్టలేదట! అక్కడ నడిపేదీ ప్రభుత్వమే, యంత్రాలూ ప్రభుత్వానివే.

డేటా సెంటర్లు మన రాష్ట్రానికే వస్తున్నాయిగా, ఇక భయమెందుకని మరో మాట. విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. పెట్టుబడిగా సంతోషించాల్సిందే. కానీ యంత్రం విశాఖలో ఉన్నంత మాత్రాన మీట మన చేతికి రాదు. 2025 జూలైలో ఐరోపా ఆంక్షల పేరు చెప్పి మైక్రోసాఫ్ట్ మన దేశంలోని నయారా ఎనర్జీకి సేవలు ఆపేసింది. డబ్బు కట్టిన సంస్థ తన ఈమెయిల్ కోసం ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాక గానీ సేవలు తిరిగి రాలేదు. ఓ చమురు శుద్ధి కంపెనీ కాబట్టి వకీళ్లను పెట్టుకోగలిగింది. ఓ మునిసిపాలిటీకో, ఓ ఆసుపత్రికో అదే జరిగితే?

రెండేసి చోట్ల పెట్టుకుంటే ఖర్చు రెట్టింపవుతుందని అధికారులు అంటారు. సేవలన్నిటినీ రెండు చోట్ల నడపమంటే నిజమే. కానీ సమాచారం ప్రతి ఒకటి వేరే సంస్థ దగ్గర భద్రంగా ఉంచడానికి అంత కాదు. 2024 మేలో గూగుల్ క్లౌడ్‌లో జరిగిన పొరపాటుతో ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్ ప్రైవేట్ క్లౌడ్ చెరిగిపోయింది. రెండు చోట్ల ఉన్నా, రెండూ ఒకే సంస్థవి కావడంతో రెండూ పోయాయి. ఆరు లక్షలకు పైగా సభ్యుల వివరాలు వెనక్కి రావడంలో మరో సంస్థ దగ్గర ఉంచిన ప్రతి కూడా అక్కరకొచ్చింది. భూముల అడంగళ్లు, ఆసుపత్రి రికార్డులు, దర్శనం టికెట్ల జాబితా వంటి వాటికైనా ఈ ఏర్పాటు తప్పనిసరి చేయాలి. ఆ ప్రతితో నిజంగా పని మొదలవుతుందా అని ఏడాదికోసారి పరీక్షించి ఫలితం బయటపెట్టాలి. ఇప్పటికే అలా చేస్తుంటే ఆ మాట జనానికి చెప్పడానికి అడ్డేముంది? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా బాధ్యతను క్లౌడ్ సంస్థ మీదికి నెట్టెయ్యనివ్వదు. వివరాలు ఎవరు తీసుకున్నారో వాళ్లే జవాబుదారీ.

ఇక కంప్యూటరు ఆగినప్పుడు కౌంటరు దగ్గర ఏం చేయాలన్నది. సచివాలయానికో, రేషన్ షాపుకో వెళ్లినవాళ్లకు ‘సర్వర్ డౌన్, రేపు రండి’ అన్న మాట అలవాటైపోయింది. కూలి మానుకుని వచ్చిన మనిషికి ఆ రేపటి ఖరీదు ఒక రోజు కూలి. అర్జీ తీసుకుని, నంబరేసి, సంతకం చేసిన రసీదు ఇవ్వడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. తోతాపురి మామిడికి ప్రభుత్వం కిలోకు నాలుగు రూపాయలు ఇస్తామన్నప్పుడు, ఆన్‌లైన్ లెక్కల్లో తేడా వస్తే రైతు చూపించగలిగేది గుజ్జు ఫ్యాక్టరీ ఇచ్చిన తూకం చీటీయే. అలాంటి చీటీ ప్రతి కౌంటరులోనూ ఇవ్వాలని, దాని తేదీనే దరఖాస్తు తేదీగా లెక్కించాలని జిల్లా కలెక్టర్లు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు, దానికి ఏ కంపెనీ అనుమతీ అవసరం లేదు.