ఊఁ కొడితే ఒప్పుకున్నట్టేనా?

మధ్యాహ్నం గిన్నెలు సర్దుకుని కాస్త నడుం వాలుద్దామనుకునే వేళ ఫోను మోగిందంటే చుట్టాలెవరో అనుకునేరు. చాలాసార్లు మొబైల్ కంపెనీ వాళ్ళే. "మేడమ్, మీకోసం ఒక స్పెషల్ ఆఫర్..." అంటూ మొదలెడతారు. ఇంట్లో ఉండే ఆడవాళ్ళకి ఆ టైములో పనేముంటుందిలే అని వాళ్ళ లెక్క కాబోలు!

మా ఇంట్లో ఈ ఫోన్లకి మూడు రకాల జవాబులున్నాయి. మావారు అరుస్తారు. మా అబ్బాయి మాట్లాడకుండా కట్ చేస్తాడు. మా అత్తయ్యగారు మాత్రం ఆసాంతం వింటారు. వినడమే కాదు, ఊఁ కొడతారు.

మనకి ఊఁ కొట్టడమంటే ఒప్పుకోవడం కాదు కదండీ. ఎదుటివాళ్ళు చెబుతుంటే "ఊఁ", "ఆఁ", "అలాగా" అనడం, వింటున్నామని చెప్పే మర్యాద. చిన్నప్పుడు ఊఁ కొట్టకపోతే మా అమ్మమ్మ కథే ఆపేసేది. ఆ అలవాటు ఉన్న పెద్దావిడని గబగబా మాటల మధ్యలో "యాక్టివేట్ చెయ్యమంటారా?" అని అడిగితే, దానికీ అదే ఊఁ వస్తుంది. కొన్నేళ్ళ కిందట ఒక కంపెనీ అలాగే అత్తయ్యగారి ఫోనుకి కాలర్ ట్యూన్ తగిలించింది. నెలకి ముప్ఫై రూపాయలు. డబ్బుల సంగతి అటుంచండి, ఆ తర్వాత ఆవిడ తెలియని నంబరు వస్తే భయపడి ఎత్తడమే మానేశారు. రక్తపరీక్ష రిపోర్టు గురించి ల్యాబ్ వాళ్ళు చేసిన ఫోను కూడా ఎత్తలేదు. నాకు కోపం వచ్చింది అక్కడ. పెద్దవాళ్ళ మర్యాదని సంతకంగా వాడుకోవడం వ్యాపారమెలా అవుతుంది?

అలాగని ఫోను చేసిన పిల్లని తిట్టడం నాకు నచ్చదు. ఆ పిల్లకీ ఓ టార్గెట్ ఉంటుంది, ఇంటి దగ్గర ఆ జీతం కోసం చూసేవాళ్ళుంటారు. "వద్దమ్మా" అని ఒక్కసారి చెప్పి పెట్టేస్తే చాలు. కారణం మాత్రం చెప్పకండి. "మావారిని అడగాలి" అన్నామా, "సార్ ఎప్పుడుంటారు మేడమ్?" అని మళ్ళీ చేస్తారు. మన ఫోనుకి ఏం కావాలో మనం చెప్పలేమా?

తేల్చుకోవలసింది కంపెనీతో. ఆ ఫోను నుంచే 1909కి స్టార్ట్ అని ఇంగ్లీషులో రాసి, కాస్త ఖాళీ వదిలి, సున్నా పెట్టి మెసేజ్ పంపితే ప్రచార కాల్స్ ఆపమన్నట్టు. ఆ తర్వాత కూడా వస్తే నంబరు, తేదీ రాసిపెట్టుకుని అదే 1909కి ఫిర్యాదు చెయ్యొచ్చు. దీనికి ఇదివరకు మూడు రోజులే గడువుండేది, 2025లో ట్రాయ్ దాన్ని ఏడు రోజులు చేసింది. కాలర్ ట్యూన్ లాంటి అదనపు సర్వీసులకైతే రెండోసారి కూడా అడిగి ఒప్పుకుంటేనే డబ్బులు కొయ్యాలని 2013లోనే ఆదేశమిచ్చింది. వాటిని ఆపించడానికి 155223 ఉంది. అత్తయ్యగారి కాలర్ ట్యూన్ మేం అలాగే తీయించాం.

ఇవన్నీ చదువుకున్న మనకి తేలికే. మీ ఇంట్లోనూ ఊఁ కొట్టే పెద్దవాళ్ళుంటే, ఓ పది నిమిషాలు వాళ్ళ పక్కన కూర్చుని ఆ మెసేజ్ మీరే పంపించండి. "వద్దమ్మా" అనేసి ఫోను పెట్టెయ్యడం తప్పు కాదని కూడా చెప్పండి. ఆ ఊఁలన్నీ మనవల కబుర్లకి దాచుకోమనండి.