వృద్ధాశ్రమములు: పర్యవేక్షణావశ్యకత

పాఠశాలకు తనిఖీ అధికారి వచ్చు దినము ఎట్లుండునో ఉపాధ్యాయులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. గోడలకు సున్నము పడును. పుస్తకములకు అట్టలు వచ్చును. ప్రతి బాలుడును తల దువ్వుకొని వచ్చును. అధికారి చూచునది పాఠశాలను కాదు, ఆ దినమును. వృద్ధాశ్రమముల తనిఖీనిగూర్చి యోచించువారికి ఈ యనుభవమే మొదటి పాఠము కాదగును.

గోదావరి డెల్టాలో ఈ ప్రశ్న నానాటికి ముఖ్యమగుచున్నది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప ఈ సీమ పొరుగువారికి సైతము అన్నము పెట్టినది. ఆ యన్నము తిని చదువుకొన్న బిడ్డలు హైదరాబాదులోను, గల్ఫు దేశములలోను, అమెరికాలోను కొలువులలో నున్నారు. మండువా లోగిళ్లలో ముసలివారు మిగిలిరి. వారిలో కొందఱు సొమ్ము చెల్లించి ఆశ్రమములలో చేరుచున్నారు. సొమ్ము లేనివారు ధర్మసంస్థల గడప త్రొక్కుచున్నారు.

చట్టము లేదనుటకు వీలులేదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. జిల్లాకు కనీసము ఒక్కటితో ఆరంభించి, 150 మంది నిరుపేద వృద్ధులకైనను చాలునట్టి ఆశ్రమములను రాష్ట్ర ప్రభుత్వము స్థాపింపవచ్చునని అందలి 19వ సెక్షను పలుకుచున్నది. 'స్థాపింపవచ్చును' అనుటకును 'స్థాపింపవలెను' అనుటకును గల భేదము వ్యాకరణము చదివిన బాలునికైనను తెలియును. ఉభయ గోదావరి జిల్లాలు 2022 ఏప్రిలులో ప్రధానముగా ఐదు జిల్లాలైనవి, కార్యాలయములు పెరిగినవి, ఆ క్రియాపదము మాత్రము మారలేదు. ఆశ్రమముల నమోదును తప్పనిసరి చేయుటకు 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టబడిన సవరణ బిల్లు, 2024లో ఆ సభ రద్దగుటతో మురిగిపోయినది.

దయతో నడుపు సంస్థలపై అధికారుల పెత్తనమేల యని కొందఱందురు. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి అప్పగించిరి. వ్యక్తి దయపై నిలిచిన ధర్మము వ్యక్తితో ముగియును. నియమముపై నిలిచినది మిగులును.

కనుక తనిఖీ ముందుగా తెలుపక, ఒక్కొక్కప్పుడు రాత్రివేళ జరుగవలెను. వంటశాలను, మందుల పట్టికను, స్నానాల గదిలోని పట్టుకమ్మిని చూడవలెను. 1986 ఆగస్టు వరదను, 2022 జూలై వరదను చూచిన సీమలో, మంచము దిగలేనివారిని ఏ బండిలో ఎచటికి చేర్చుదురో అడుగవలెను. నిర్వాహకుడు ప్రక్కన లేకుండ వృద్ధులతో మాటలాడవలెను. రేపటి ముద్ద పెట్టువాడు ఎదుట నిలిచియుండగా ఏ వృద్ధురాలు నిజము చెప్పగలదు?

లోపము బయటపడి ఆశ్రమమును మూయింపవలసి వచ్చినచో అందలివారెక్కడికి పోవుదురు? వేఱొక నీడ లేనిచోట తనిఖీదారు చేతులు కట్టుబడియే యుండును. కావున 'వచ్చును' అన్నది 'వలెను'గా మారుటయే ఈ సంస్కరణకు మొదటి మెట్టు.