గీతను ఎవరూ అడగలేదు

2004లో 'ఆర్య' వచ్చినప్పుడు మేము టీటీసీ చదువుతున్నాం. ఏజెన్సీ నుంచి దిగిన కుర్రాళ్ళం ఎనిమిది మందిమి నర్సీపట్నం వెళ్ళి చూశాం. ఈలలు వేశాం. మళ్ళీ వారం మళ్ళీ వెళ్ళాం.

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం, పిల్లలు అడిగితే, ఆశ్రమ పాఠశాల టీవీలో అదే సినిమా మేమే పెట్టాం. ఒకప్పుడు మేము నవ్విన చోటల్లా మగపిల్లలు నవ్వారు. మాకే నవ్వు రాలేదు.

కథ గుర్తు చేసుకోండి. అజయ్ మేడ ఎక్కి, ప్రేమిస్తున్నానని చెప్పకపోతే దూకేస్తానని గీతను బెదిరిస్తాడు. ఆ పిల్ల భయపడి సరేనంటుంది. అది తప్పని సినిమాకీ తెలుసు. మరి ఆర్య చేసిందేమిటి? నువ్వు ప్రేమించకపోయినా నేను ప్రేమిస్తూనే ఉంటానంటూ వెంటే తిరుగుతాడు. వద్దన్నా వినడు. అజయ్‌కి కనీసం ఆమె జవాబు కావాలి, ఆర్యకు అదీ అక్కర్లేదు! చివరికి పెళ్ళి పందిట్లోంచి గీత అతని దగ్గరికే వెళ్తుంది. దర్శకుడు సుకుమార్ సినిమాల్లోకి రాకముందు కాకినాడలో లెక్కలు చెప్పారు. మనలాంటి మాస్టారే. ఈ లెక్క మాత్రం తప్పింది.

సినిమాను సినిమాలాగే చూడాలి అంటారు మన కుర్ర టీచర్లు. సరే. కానీ ఆరేళ్ళకే హాస్టల్లో చేరిన మన పిల్లాడు ఆడపిల్లతో ఎలా మాట్లాడాలో ఎక్కడ నేర్చుకుంటాడు? ఇటుకల పండగ రాత్రుల్లో ధింసా ఆడుతూ, ఎకసెక్కాలాడుకుంటూ మన ముందువాళ్ళు నేర్చుకున్నారు. ఆ పండగకి వీడికి సెలవు దొరకదు. దొరికింది టీవీ.

అలాగని మన పాత రోజులన్నీ బంగారం కాదు. పిల్లను సంతలోంచి లాక్కుపోయి చేసుకున్న పెళ్ళిళ్ళు మన తెగల్లోనూ ఉన్నాయి. పెద్దలు కూర్చుని ఓలి తేల్చేవారు. పిల్లకు ఇష్టమా అని అడగని పెద్దలూ ఉన్నారు. దాన్ని ఆచారమన్నాం. సినిమా ప్రేమంది.

2013 నుంచి ఆడమనిషి వద్దన్నా వెంటపడటం చట్టం ప్రకారం నేరం. అప్పుడు 354డి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. పిల్ల మైనరైతే పోక్సో కూడా ఉంది. ఈ ముక్క మన తరగతి గదుల్లో ఎంతమందిమి చెప్పాం?

సినిమా చూసిన నెలలోనే పదో తరగతి అబ్బాయి ఒకడు తొమ్మిదో తరగతి పిల్ల వెంటపడ్డాడు. కుళాయి దగ్గర, భోజనాల వరస దగ్గర, ప్రార్థనకి వచ్చేటప్పుడు. పిలిచి మందలిస్తే, "నేనేం చెయ్యలేదు సార్, ప్రేమిస్తున్నానంతే" అన్నాడు. వయసు అలాంటిదిలే అనుకుని వదిలేశాం. ఆ పిల్లను పిలిచి అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

దసరా సెలవుల తర్వాత ఆ అమ్మాయి రాలేదు. వాళ్ళ నాన్న వచ్చి ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని కొండ ఎక్కి వెళ్ళిపోయాడు. అబ్బాయి పరీక్షలు రాశాడు, పాసయ్యాడు.