రోబో అల్లలేని రోబో

"ఖాళీగా ఉన్నప్పుడు అల్లారా?" నూలుతో చేసిన ఏ వస్తువును చూసినా మన ఇళ్ళలో తొలుత వచ్చే ప్రశ్న ఇదే. అడిగేవారి మనసులో ఆక్షేపణ ఏమీ ఉండదు, మెచ్చుకోలే ఉంటుంది. అయినా ఆ "ఖాళీ" అన్న మాట నాకు గుచ్చుకొంటుంది. వడ్రంగి చేసిన పీటను చూసి ఖాళీగా ఉన్నప్పుడు చేశావా అని ఎవరూ అడగరు. కంసాలి చేసిన ముక్కుపుడకను చూసీ అడగరు. ఆడవారి చేతిలోని సూదికీ నూలుకూ మాత్రమే ఈ ప్రశ్న ఎదురవుతుంది. దీని వెనుక మన గోదావరి సీమ చరిత్ర కొంత ఉన్నది. దానిని ఒక చిన్న తాళపుచెవుల బొమ్మ నెపంతో చెప్పుకోవచ్చుననిపించి ఇది వ్రాస్తున్నాను.

ముందు ఆ బొమ్మ సంగతి. మా మేనకోడలికి తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు సీటు వచ్చింది. 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, అంటే నిట్, ఏర్పడిన నాటినుంచి ఉల్లిపాయల మార్కెట్టుకు పేరుపడ్డ ఆ ఊరికి చదువుల పేరు కూడా తోడైంది. పిల్లకు మరయంత్రాలంటే ప్రాణం. అందుకని వేడుకకు గుర్తుగా చూపుడువేలంత రోబోను నూలుతో అల్లి, తాళాల రింగుకు తగిలించి ఇచ్చాను. ఇటువంటి బొమ్మలను అమిగురుమి అంటారు. ఇది జపాను మాట. "అమి" అంటే అల్లిక, "నుయిగురుమి" అంటే లోపల దూది కూరిన బొమ్మ. ఈ రెండూ కలిసి ఆ పేరు పుట్టింది.

అల్లే పద్ధతి వినడానికి సులువుగానే ఉంటుంది. కొక్కెం ఉన్న ఒకే ఒక సూది, ఒకే ఒక పోగు. మొదటి వలయంలో ఆరు కుట్లు, రెండవదానిలో పన్నెండు, మూడవదానిలో పద్ధెనిమిది; ఇలా ఆరేసి పెంచుకొంటూ పోతే చదునైన బిళ్ళ తయారవుతుంది. పెంచడం ఆపివేసి అల్లితే అంచులు పైకి లేచి గిన్నె అవుతుంది. తగ్గించుకొంటూ వస్తే మూతపడుతుంది. రోబో తల బంతిలా కాక డబ్బాలా కనబడాలంటే, బిళ్ళ ముగిసిన తరువాతి వరుసలో ప్రతి కుట్టుకూ వెనుక పోగును మాత్రమే పట్టుకొని అల్లాలి. అప్పుడు అక్కడ అంచు మడత పెట్టినట్లు నిలుస్తుంది. మూతపడకముందే దూది కూరాలి. తరువాత చేతులు, కాళ్ళు, నెత్తిన యాంటెనా, నల్లదారంతో కళ్ళు.

ఎన్ని కుట్లు పడ్డాయో లెక్క వేసుకొన్నాను. తలకు 306, మొండేనికి 180, రెండు చేతులకు 84, రెండు కాళ్ళకు 84, మొత్తం 654. నిమిషానికి పది కుట్లు పడతాయనుకొంటే అల్లికకే గంటకు పైగా పడుతుంది. దూది కూరడం, ముక్కలను కలిపి కుట్టడం, పోగుల కొసలను లోపలికి దాచడం, ముఖం తీర్చడం, ఇవన్నీ మరో గంటన్నర. వెరసి రెండున్నర గంటలు. ఈ అంకెను కాస్త గుర్తుంచుకోండి, దీనితో పని ఉన్నది.

ఇందులో ఒక చిత్రం ఉంది. ఈ రోబోను ఏ రోబో కూడా అల్లలేదు.

ఏలూరు తివాచీలు ఒకప్పుడు సముద్రాలు దాటిన సంగతి మనకు తెలుసు. పారశీకం నుంచి వచ్చిన నేతగాళ్ళు ఆ విద్యను తెచ్చారని అక్కడ చెప్పుకొంటారు. ఒక్కొక్క ముడే చేత్తో వేసిన ఆ తివాచీకి పోటీగా మరమగ్గపు తివాచీ వచ్చింది. కొల్లేటి లంకల్లో చేతితో అల్లుకొన్న వలల స్థానాన్ని యంత్రం ముడివేసిన నైలాను వల ఆక్రమించింది. స్వెటరు సంగతి సరేసరి. విలియం లీ అనే ఆంగ్లేయుడు 1589లోనే మేజోళ్ళు అల్లే చట్రాన్ని కనిపెట్టాడు. మరి క్రోషియా ఎందుకు లొంగలేదు?

కారణం అల్లిక స్వభావంలోనే ఉంది. స్వెటరు అల్లికలో వరుసలోని ఉచ్చులన్నీ ఒకేసారి తెరిచి ఉంటాయి. ఉచ్చుకొక సూది చొప్పున బారుగా నిలిపితే యంత్రం పని సాగిపోతుంది. వలలో ముడి పడవలసిన చోటు ముందే నిర్ణయమై ఉంటుంది. క్రోషియాలో ఏ క్షణంలోనైనా బ్రతికి ఉండే ఉచ్చు ఒక్కటే. అంతకుముందే బిగిసిపోయిన కుట్టులోకి సూది మొన దూరి, పోగును పట్టి వెనక్కు లాగాలి. దూరవలసిన సందు వలయానికి వలయానికి జరిగిపోతూ ఉంటుంది. ఆ సందును వెదికేది కన్ను కాదు, ఎడమచేతి వేళ్ళు. పరిశోధనశాలల్లో కొన్ని నమూనా యంత్రాలు తయారైనా, అంగళ్ళను నింపే క్రోషియా యంత్రం ఇంకా రాలేదు. కాబట్టి మీరు ఏ జాతరలోనో, ఏ ఆన్‌లైన్ అంగడిలోనో చూసిన అచ్చమైన క్రోషియా బొమ్మ ఎంత చౌక అయినా సరే, ఏ దేశపుదైనా సరే, దానిని ఒక మనిషి కూర్చొని అల్లినట్లే. చౌకగా దొరికిందంటే అక్కడ యంత్రం పొదుపు చేసింది ఏమీ లేదు. ఆ మనిషికి ముట్టినది తక్కువ, అంతే.

ఈ విషయం మన జిల్లాకు కొత్త కాదు. నరసాపురం లేసు ఎవరికి తెలియదు? 1844 ప్రాంతంలో మెక్రే దంపతులనే స్కాట్లాండు మిషనరీలు ఇక్కడి స్త్రీలకు ఈ పని నేర్పారని చెబుతారు. ఆనాటి నుంచి నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల అరుగుల మీద అల్లిన బల్లగుడ్డలు, దిండుగలీబులు ఐరోపా ఇళ్ళను అలంకరించాయి. 2024లో ఈ అల్లికకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. సంతోషించవలసిన విషయమే.

అయితే ఈ లేసును గూర్చి ప్రపంచం చదివిన పుస్తకం మాత్రం పొగడ్తల పుస్తకం కాదు. మరియా మీస్ అనే జర్మను సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర ఇక్కడి పల్లెల్లో తిరిగి, ఈ స్త్రీలతో మాట్లాడి వ్రాసిన పరిశీలన "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" 1982లో వెలువడింది. ఆమె చూపిన సత్యం చిన్నదే గాని పదునైనది. విదేశీ మారకద్రవ్యాన్ని తెచ్చే ఒక పరిశ్రమలో రోజుకు ఎన్నో గంటలు పనిచేస్తున్న స్త్రీలు "పనివారు"గా లెక్కకు రావడం లేదు. వారు ఇల్లాండ్రు, తీరిక వేళ లేసు అల్లుకొంటున్నారు, అంతే. తీరిక వేళ చేసే పనికి కూలి ఎంతైనా ఎక్కువే గదా! వ్యాపారి నూలు ఇస్తాడు, దళారి ఇంటింటికీ పంచుతాడు, అల్లిన ముక్కను లెక్కపెట్టుకొని తీసుకుపోతాడు. నూలు తూకానికి వస్తుంది, ముక్క లెక్కకు వస్తుంది, గంట మాత్రం ఎక్కడికీ రాదు. తాడేపల్లిగూడెం మార్కెట్టులో ఉల్లిబస్తాను మన కళ్ళ ఎదుటే కాటా వేస్తారు. ఆడమనిషి గంటను వేసే కాటాను మాత్రం ఎవరూ పెట్టలేదు. "ఖాళీ" అన్న మాట ఆ కాటాను పెట్టనివ్వలేదు.

ఇప్పుడు నా రెండున్నర గంటలకు వద్దాం. ఆ బొమ్మను ఎవరో 150 రూపాయలకు అమ్మారనుకొందాం. నూలు, దూది, రింగు కలిసి 35 రూపాయలు. నేరుగా అమ్ముకొంటే అల్లినామెకు 115 మిగులుతుంది, అంటే గంటకు 46 రూపాయలు. అదే దుకాణం ద్వారా వెళ్ళి, దుకాణం సగం తీసుకొంటే మిగిలేది 40 రూపాయలు, అంటే గంటకు 16. 2025–26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ దినకూలి 307 రూపాయలు. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 38 పైచిలుకు. చెరువు పూడిక తీసిన గంటకు ప్రభుత్వం కట్టిన వెల ఇది. అదే బొమ్మ, అదే 150 రూపాయలు. ఒక దారిలో ఈ వెలకు పైన నిలుస్తుంది, మరో దారిలో సగానికి కూడా చేరదు. కొనేవారికి రెండు దారులూ ఒక్కలాగే కనబడతాయి. వారిని తప్పుపట్టలేము, అడగవలసిన ప్రశ్న వారికెవరూ నేర్పలేదు.

ప్రేమతో ఇచ్చిన కానుకకు ఈ కూలిలెక్క ఏమిటని కొందరు నొచ్చుకోవచ్చు. న్యాయమైన మాటే. మేనకోడలికి ఇచ్చినదానికి నేను వెల కట్టను, కట్టమని ఎవరికీ చెప్పను. కాని ఆ కానుక విలువ దేనిలో ఉంది? 35 రూపాయల సరుకులో లేదు. మరెక్కడా వెచ్చించగల రెండున్నర గంటలను ఆ పిల్ల కోసం వెచ్చించడంలో ఉంది. ఆ గంటలు ఖాళీవి, వెలలేనివి అయితే కానుక కూడా ఖాళీదే అవుతుంది. గంటకు విలువ ఉన్నప్పుడే దానిని ఉచితంగా ఇవ్వడంలో ప్రేమ ఉంటుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, కానుకను చూసినవారు, "ఎంత బాగుందమ్మా! మా మనవడి పుట్టినరోజుకు రిటర్న్ గిఫ్టులుగా ఒక పాతిక చేసిపెట్టు. నూలు నేనే తెప్పిస్తాలే" అన్నప్పుడు. ఇది నాకు ఎదురైన మాట. వారు పిసినారులు కారు, మంచివారు. అయినా ఆ వాక్యంలో నూలు పంచే దళారి స్వరం నాకు వినబడింది. పాతిక బొమ్మలంటే అరవై గంటలకు పైన. నూలు ఖర్చు ఇస్తే బాకీ తీరిపోయిందన్న నమ్మకం పల్లెల అరుగుల మీద ఎన్నో తరాలుగా నిలిచినదే. ఈనాడు చుట్టరికపు మర్యాదతో మన ఇళ్ళ హాళ్ళలోకి వచ్చి కూర్చొంది. నేను గంటల లెక్క చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకొని, ఆరు చాలులే అన్నారు, ఆరింటికీ సరైన డబ్బు ఇచ్చారు. చెబితే అర్థం చేసుకొనేవారే ఎక్కువ.

మరో వాదం కూడా ఉంది. ఇంటిపట్టున ఉండి నాలుగు రూపాయలు తెచ్చుకొనే పనిని కూలిలెక్కలతో చెడగొడితే ఉన్నది కూడా పోదా అని. పసిబిడ్డ ఉన్న తల్లికి, గడప దాటలేని పరిస్థితి ఉన్న ఇల్లాలికి ఈ పని ఆసరా అన్నది నిజం. నేను పనిని మానమనడం లేదు. కాని యంత్రం చేయలేని పనికి కూడా బేరమాడే బలం రాలేదంటే, లోపం పనిలో లేదు, దానిని పిలిచే పేరులో ఉంది. భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. ఊరిలోని చేతులకు ఎంత ముట్టిందో అది చెప్పదు. బల్లగుడ్డలకు గిరాకీ తగ్గి ఈ తాళాల బొమ్మలకు పెరిగినా, లెక్క పాతదే అయితే మారేది నమూనా మాత్రమే.

రోబో బదులు మన ఆటపాక గూడబాతును అల్లరాదా అని ఒకరు అడిగారు. కొల్లేటి పక్షి తాళాల గుత్తికి వేలాడితే నాకూ ముచ్చటే, ఒకనాడు అల్లుతాను. అయితే ఈసారికి రోబోయే తగినదని నా అభిప్రాయం. 2010లో శంకర్ చిత్రం ఆ పేరుతో తెలుగులోకి వచ్చాక ఈ మాట తెలియని పసివాడు లేడు గాని, దాని పుట్టుక తెలిసినవారు తక్కువ. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో వ్రాసిన ఒక నాటకంలో ఈ మాటను ప్రవేశపెట్టాడు. సూచించినవాడు అతని అన్న జోసెఫ్. మూలం "రొబోటా". దొర పొలంలో రైతు ఊరకే చేసి తీరవలసిన పనికి ఆ భాషలో పేరు అది. మన మాటలో చెప్పాలంటే వెట్టి.

రేపు యంత్రాలకు పని నేర్పబోయే పిల్ల ఈ సంగతి తెలుసుకోవాలని, బొమ్మకు ఒక చిన్న చీటీ కట్టి "654 కుట్లు, రెండున్నర గంటలు" అని వ్రాసి ఇచ్చాను. అల్లి ఇచ్చేవారందరూ ఇటువంటి చీటీ కడితే బాగుంటుందని నా మనవి. అది గొప్పలు చెప్పుకోవడం కాదు, కాటా పెట్టడం. పుచ్చుకొనేవారికి, కొనేవారికి కూడా ఒక మనవి. ఈసారి ఎవరి చేతిలోనైనా అల్లిక కనబడితే, ఎన్ని గంటలు పట్టిందని అడిగి చూడండి. వెంటనే జవాబు రాకపోవచ్చు. చాలామంది ఆడవారిని ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు. కాస్త ఆగితే వాళ్ళే లెక్క వేసి చెబుతారు.