భయానికీ ఒక ఓపెనింగ్ బ్యాలెన్స్ ఉంటుంది

మొన్న బంధువుల ఇంటికి వెళ్ళాను. వాళ్ళ ఏడేళ్ళ పాప చీకటి గదిలోకి వెళ్ళమంటే వణికిపోతోంది. "దాని నక్షత్రమే అంత, పుట్టుకతోనే పిరికిది" అని నాయనమ్మ తీర్పు. మెడలో అప్పటికే తాయెత్తు. హేతువాదిని కదా, ఊరుకోలేక "దయ్యాలు లేవు, ఇదంతా మూఢనమ్మకం" అని నేనొక ఉపన్యాసం ఇచ్చాను. పాప ఏడుపు ఆపలేదు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆవిడా నేనూ ఒకే తప్పు చేశామనిపించింది. పాపకి ఇంతకు ముందు ఏం జరిగిందో ఇద్దరం అడగలేదు.

నేను చదివింది బీకాం, చేసింది రక్షణ శాఖ లెక్కల ఉద్యోగం. అయినా ఎలుకల మీద జరిగిన కొన్ని ప్రయోగాలు నాకు బాగా అర్థమయ్యాయి. ఎందుకంటే అవి కూడా లెక్కలే!

నేలకి ఎత్తుగా, ప్లస్ గుర్తు ఆకారంలో ఒక చెక్క దారి. రెండు చేతులకి గోడలుంటాయి, రెండింటికి ఉండవు. ఎలుకని మధ్యలో వదిలి ఐదు నిమిషాలు చూస్తారు. భయం ఎక్కువైతే గోడల చాటునే ఉంటుంది. ఆందోళన తగ్గించే మందిస్తే గోడల్లేని వైపు కూడా తిరుగుతుంది. ఈ పరీక్ష ఎలుకలకి పనికొస్తుందని 1985లో నిర్ధారించారు.

అసలు తమాషా తర్వాత తేలింది. ఎలుక మందు లేకుండా ఒక్కసారి ఆ దారి చూసి ఉంటే చాలు, రెండోసారి అదే మందిచ్చినా పనిచేయడం లేదు! లండన్ పరిశోధకురాలు సాండ్రా ఫైల్ 1990లో దీన్ని ప్రచురించారు. మందు అదే, దారి అదే. మారిందల్లా ఐదు నిమిషాల పాత అనుభవం.

మరి పుట్టుక మాటేమిటి? మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1999లో ఇంకో ఫలితం ప్రకటించారు. పిల్లల్ని తక్కువగా నాకే తల్లులకి పుట్టిన ఎలుక పిల్లల్ని, బాగా నాకే తల్లుల దగ్గర పెంచారు. పెద్దయ్యాక అవి కన్నతల్లి వైపు కాదు, పెంచిన తల్లి వైపు పిల్లల్లాగే తక్కువ భయపడ్డాయి. పుట్టిన ఘడియ ఎక్కడా అడ్డురాలేదు.

ఎలుక మనిషి కాదు, ఒప్పుకుంటాను. కానీ పద్ధతి మనకీ పాఠమే. ఓపెనింగ్ బ్యాలెన్స్ చూడకుండా ఖాతా తేల్చే గుమాస్తాని ఏ ఆడిటరూ ఒప్పుకోడు. జాతకాలవాళ్ళు దాన్ని చూడరు సరే, మన హేతువాదులం మాత్రం చూస్తున్నామా? భయపడేవాణ్ణి అజ్ఞాని అని వెక్కిరిస్తే భయం పోదు. అది వాదనతో వచ్చింది కాదు, అనుభవంతో వచ్చింది.

మళ్ళీ వెళ్ళి పాప తల్లిని అడిగాను. నిరుడు బడిలో అల్లరి చేసిందని సామాన్ల గదిలో పెట్టి గడియ వేశారట! ఇప్పుడు తండ్రి టార్చిలైటు పట్టుకుని రోజూ పాపతో కలిసి రెండడుగులు లోపలికి వేస్తున్నాడు.

రేపు భయం తగ్గితే నాయనమ్మ ఆ జమ తాయెత్తు ఖాతాలో రాస్తుందని నాకు తెలుసు. టార్చిలైటు ఖాతాలో రాయడానికి నాకూ హక్కు లేదు. రెండూ ఒకేసారి నడుస్తున్నాయి, పైగా ఒక్క పాపతో ఏదీ రుజువు కాదు. కానీ ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. గడియ వేసింది నక్షత్రం కాదు, మనిషి. ఆ బడికి వెళ్ళి అడగాల్సింది కూడా మనుషులమే.